తొమ్మిదో గది తలుపు

సీసాల ఫ్యాక్టరీ, లేబుళ్ళ బల్ల
ఫిబ్రవరి 4

టంకం బావకి,

ఫోన్ చేస్తే నీ నోట రెండే మాటలు వస్తాయి. ఒకటి "ఊ". రెండోది "చూద్దాం". మొన్న పావుగంట నేనొక్కణ్ణే వాగాను. చివరికి "లైన్లో ఉన్నావా బావా?" అంటే "ఊ" అన్నావు. అక్క ఫోన్ లాక్కుని, "ఆయనకి కాగితమిస్తేనే నోరు పెగులుతుంది, ఉత్తరం రాసి చావు" అంది. అక్క మాట కాదనలేక రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం ఒకటి కొనాలి. కొత్త ఆటలకి కాదు. పాత యంత్రాల్లా నటించే ప్రోగ్రాములు ఉంటాయి కదా, ఎమ్యులేటర్లు, అవి బాగా నడిచేది కావాలి. కంపెనీలు అమ్మిన ఆటలే కాదు, ఇంట్లో రాసుకున్న ఆటలు కూడా అందులో ఆడాలి. ఇంట్లో రాసుకున్న ఆట అంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. మన "తొమ్మిది గదులు" మళ్ళీ ఆడాలని బుద్ధి పుట్టింది. ఒకే కుర్చీ మీద చెరో సగం కూర్చుని రాశాం, గుర్తుందా? ఎనిమిది గదులు నేను, తొమ్మిదోది నువ్వు, పాట అక్కది. ఆ ఫైలు నా దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది.

మా పక్క లైనులో సీసాలకి మూతలు బిగించే ఆయన దగ్గర చవకరకం యంత్రం ఒకటుంది. భోజనం వేళ అడిగి తీసుకుని మన ఆట వేసి చూశాను. నత్త నయం. అక్క పాట ఏడుపు రాగంలా సాగిపోయింది. రెండో గది దాటేసరికి సైరన్ కూసింది. ఆయనది ఆయనకి ఇచ్చేశాను.

రోజంతా పాడైన చేతి గేములే విప్పుతుంటావు కాబట్టి నిన్ను అడుగుతున్నాను. ఏది కొనమంటావు? ఊరికే, పాత సరదా కోసమే.

పిడుగు


రిపేరు గది, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 12

పిడుగుకి,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. "ఉత్తరం రాసి చావు" అని తను అనలేదట. "రాయి" అని మాత్రమే అన్నదట.

యంత్రాన్ని చూసి కొనకు. నీ బొటనవేళ్ళని చూసి కొను. నా బల్ల మీదికి వచ్చే వాటిలో సగం చెడిపోయినవి కావు, చేతికి నప్పనివి. నీ వేళ్ళు లావు. జేబులో ఇమిడిపోతుందని మరీ చిన్నది కొంటే ఒక మీట నొక్కబోయి రెండు నొక్కుతావు. నాలుగు దిక్కుల మీట ఎడమ పక్క పైన ఉండాలి. మనం ఆ అలవాటు మీదే రాశాం.

తెర అడ్డంగా పొడుగ్గా ఉన్నది వద్దు. మన ఆట దాదాపు చదరం. పొడుగు తెర మీద మధ్యలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది. నిలువుగా పట్టుకునేది, చదరపు తెర ఉన్నది చూడు. తయారుచేసిన వాళ్ళు తాళం వేసి అమ్మే యంత్రం జోలికి పోకు. మన ఆట లాంటి వాటిని అది గడప దాటనివ్వదు. పెట్టెలో దానితోపాటు ఇచ్చే మెమరీ కార్డుని నమ్మకు, మొదటి రోజే తీసి మంచిది వెయ్యి.

ఇక మూతలాయన యంత్రం సంగతి. దానికి బలం చాలదు, అందుకే ఈడ్చుకుంటూ నడుస్తోంది. పాత యంత్రం ఒక సెకనులో ఎంత పని చేసేదో కొత్తది అంతే చెయ్యాలి, ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. అలా నడిచేది ఒకటి ఉంది. దాని బొమ్మ వెనక గీశాను. అంగడిలో ఆ బొమ్మ చూపించు.

మన అసలు యంత్రం, ఆట ఎక్కించిన కార్ట్రిడ్జ్ బల్ల కిందే ఉన్నాయి. దుమ్ము కూడా దులుపుతుంటాను.

సరదాకే అంటున్నావు. సరే.

బావ


లేబుళ్ళ బల్ల
మార్చి 6

బావా,

కొన్నాను! నువ్వు గీసిన బొమ్మ చూసి అంగడివాడు "ఎవరండీ ఇది, ఫోటో తీసినట్టు గీశారు" అన్నాడు. మా బావ అన్నాను. చేతిలో పావురంలా ఇమిడింది. ఎనిమిది గదులూ చకచకా దాటేశాను. నేను రాసిన నాలుగో గది ఇప్పటికీ మొనగాడి గదే, ఒప్పుకో.

తొమ్మిదో గదిలోనే చిక్కొచ్చింది. ఎర్ర పలక మీద నిలబడితే గంట కొడుతుంది, తలుపు తెరుచుకోవాలి. అంతే కదా? గంట కొడుతూనే ఉంది. తలుపు కదలదు. చొక్కా తడిసేదాకా నిలబెట్టాను. నువ్వు ఆ గది పూర్తి చేసేసరికి నేను హాస్టల్‌కి వెళ్ళిపోయాను, తర్వాత ఫైలు కాపీ చేసుకున్నానే కానీ చివరిదాకా ఎప్పుడూ ఆడలేదు. ఆ తలుపు వెనక ఏముంది బావా?

ఇంకోటి. ఇందులో అక్క పాట కాస్త కీచుగా వినిపిస్తోంది. రికార్డు చేసి అక్క ఫోన్‌కి పంపాను, వినండి.

ఏప్రిల్ ఇరవైలోపు తలుపు తెరుచుకోవాలి. ఎందుకని అడక్కు.

పిడుగు


రిపేరు గది
మార్చి 14

పిడుగుకి,

తలుపు వెనక ఏముందో తలుపు తెరిచి చూడాలి. చెబితే నేను రాసింది వృథా.

పాట విన్నాం. మీ అక్క పిండి చేతులతోనే వచ్చి విని, "ఇది నా వరస కాదు. నేను కట్టింది ఇంత గొంతు పైకి లేదు, ఇంత పరుగూ లేదు" అంది. ఇరవై ఏళ్ళయినా మీ అక్క చెవి తప్పదు. నాకు ఏదో తడుతోంది. నా పనుల పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఏ రోజు ఏ యంత్రం విప్పాను, ఏది తీసి ఏది వేశాను, అన్నీ వాటిలో రాసి ఉంటాయి. దించి చూస్తాను.

ఈలోపు ఒక మాట. నిన్న ఒకాయన మీట ఊడిన గేమ్ తెచ్చి, దాన్ని చుట్టిన కాగితం బల్ల మీదే వదిలి వెళ్ళాడు. పాత ఆటల ప్రదర్శన అట. ఏప్రిల్ 20. "తొమ్మిది గదులు" అన్న పేరు పెద్ద అక్షరాల్లో కనపడింది. దాని కింద రాసినవాళ్ళ పేర్లు ఉన్నట్టున్నాయి. నా కళ్ళజోడు దగ్గర లేదు.

ఎవరు రాశారని వేశారు?

బావ


లేబుళ్ళ బల్ల
మార్చి 20

బావా,

ఓహో, కాగితం అక్కడిదాకా వచ్చిందా! నీకూ అక్కకీ ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. సరే, ఇప్పుడే విను.

చేతి గేమ్ యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఈ ప్రదర్శన పెడుతోంది. ఇంట్లో రాసుకున్న పాత ఆటల్లో ఆరింటిని ఎంచుకున్నారు. మనది అందులో ఒకటి. ఏ యంత్రం మీదైనా సరే, రాసినవాడు వేదిక ఎక్కి మొదటి నుంచి చివరిదాకా ఆడి చూపించాలి. బాగా నచ్చితే ఉద్యోగం, ఆటలు రాసే ఉద్యోగం! కుర్చీలో కూర్చుని చేసే పని! ఇక్కడ నేనేం చేస్తానో తెలుసా? సీసా మీద లేబుల్ వంకరగా ఉందా, సూటిగా ఉందా అని చూస్తాను. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. మొన్న సూపర్‌వైజర్ నా వెనకే నిలబడి, "ఏమయ్యా, నీ తల కూడా కాస్త వంకరగా అతికించారే" అన్నాడు. లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పేర్ల సంగతా? నీ పేరూ ఉంది, చిన్న అక్షరాల్లో. అచ్చువాళ్ళు అలా వేశారు. అయినా నీకెందుకు బావా పేరు? నీ షాపుకే బోర్డు లేదు.

తలుపు సంగతి రాయి, వెంటనే.

పిడుగు


రిపేరు గది
మార్చి 27

పిడుగుకి,

పనుల పుస్తకాలు దించాను. వెతుకుతున్న పేజీ దొరికింది.

నువ్వు కొన్న దానికంటే కచ్చితమైనది ఇంకోటి వచ్చింది. పాత యంత్రంలా నటించడం కాదు, లోపలి తీగలు కూడా అలాగే పేర్చిన యంత్రం. దాని మీద నీ ఎనిమిది గదులూ చుక్క తేడా లేకుండా వస్తాయి. బొమ్మ వెనక గీశాను.

కళ్ళజోడు దొరికింది. కాగితం మళ్ళీ చదివాను. చిన్న అక్షరాలు కూడా చదివాను. వాటిలో ఉన్నది అచ్చువాడి చిరునామా.

ఇంకోసారి అడుగుతున్నాను. మీ అక్కకి చదివి వినిపించగలిగేలా రాయి. ఈ ఆట ఎవరు రాశారు?

బావ


లేబుళ్ళ బల్ల
ఏప్రిల్ 8

బావా,

నువ్వు చెప్పిన యంత్రమే కొన్నాను. అద్దంలా ఉంది. పాతది అద్దె గదిలో ఉండేవాడికి ఇచ్చేశాను. కానీ తలుపు! తలుపు ఇప్పటికీ తెరుచుకోలేదు! ఫైలు విప్పి తొమ్మిదో గది రాత చూశాను. నీ రాత నాకు తల మీద తడిగుడ్డ వేసుకున్నా అర్థం కాలేదు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతిలో రాస్తావు.

నువ్వడిగిన దానికి జవాబు. వాళ్ళకి కథ కావాలి బావా. "పదిహేడేళ్ళ కుర్రాడు ఒంటరిగా రాసిన ఆట" అంటే కథ. "ఒక కుర్రాడు, వాళ్ళ అక్క, టంకం పెట్టే బావ కలిసి రాసింది" అంటే పెళ్ళిఫోటో. నువ్వు రాసింది తొమ్మిదింట్లో ఒక్క గది. అదీ తెరుచుకోని గది. దానికోసం నన్ను కోర్టులో నిలబెట్టినట్టు రెండుసార్లు అడిగావు. నీకు పేరొస్తే ఏం చేసుకుంటావు? దానితో నాలుక గీసుకుంటావా?

ఈ ఉత్తరం అక్కకి చదవకు. ఏడుస్తుంది.

ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను బావా. ఎలా తెరవాలో చెప్పు.

పిడుగు


రిపేరు గది
ఏప్రిల్ 14

పిడుగుకి,

నీ యంత్రం మంచిది. మన ఆట ఇంత మంచి యంత్రం మీద ఎప్పుడూ నడవలేదు. ఆ ఉదయం బ్యాటరీ నిండా ఎక్కించుకో. వేళ్ళు పొడిగుడ్డతో తుడుచుకో. నాలుగో గదిలో తొందరపడకు.

తలుపు గురించి నాకు తెలిసింది, నువ్వు తలుపు ముందు నిలబడి వచ్చాక రాస్తాను.

మేము రావడం లేదు. నీ ఉత్తరం మీ అక్క చదివింది. ఏడవలేదు.

బావ


లేబుళ్ళ బల్ల
ఏప్రిల్ 25

బావగారికి,

గారు అంటున్నాను, చూసుకో.

ఎనిమిది గదులు ఎలా దాటానో చెప్పను. జనం లేచి నిలబడ్డారని మాత్రం చెబుతాను. నాలుగో గది దాటినప్పుడు ముందు వరసలో కంపెనీ ఆవిడ పక్కాయన చెవిలో ఏదో చెప్పి నన్ను చూసి నవ్వింది. నాకోసం కుర్చీ అప్పుడే లాగి ఉంచినట్టు అనిపించింది.

తర్వాత తొమ్మిదో గది. ఎర్ర పలక. గంట. ఇంకో గంట. నా వెనక గోడంత తెర మీద బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. గంటలు లెక్కపెట్టాను. నలభై. ఎవరో వెనకనుంచి "లోపల ఎవరూ లేరేమో, రేపు రమ్మను" అన్నాడు. హాలంతా నవ్వు. కంపెనీ ఆవిడ నవ్వలేదు. గడియారం చూసుకుంది. అదే అన్నిటికంటే బాధ.

అప్పుడు మైకు తీసుకుని ఒక మాట చెప్పాను. "ఈ గది నేను రాయలేదండీ. మా బావ రాశాడు. షాపుకి బోర్డు కూడా లేని రిపేర్ల మనిషి. టంకం వాసన తప్ప ఏమీ తెలియదు. ముచ్చటపడితే పోనీలే అని ఒక్క గది ఇచ్చాను" అన్నాను. ఈసారి ఇంకా బాగా నవ్వారు. నాతో కలిసి నవ్వారు. ప్రదర్శన గోడ మీద అంటించిన కాగితంలో కూడా ఆ సాయంత్రమే దిద్దించాను. తొమ్మిదో గది, లోపం: ఫలానా బావ అని.

పేరు అడిగావు కదా. వేయించాను. రెండు వందల మందికి నువ్వెవరో తెలుసు.

నాకు ఉద్యోగం రాలేదు. సోమవారం నుంచి మళ్ళీ లేబుళ్ళు. సూపర్‌వైజర్‌కి ఎవరు చెప్పారో ఏమో, నా బల్లకి తలుపు బొమ్మ గీసిన కాగితం అంటించాడు. దాని మీద "తొయ్యకు, తెరుచుకోదు" అని రాశాడు.

ఆ తలుపు తెరుచుకోదని నీకు ముందే తెలుసు. అవునా కాదా? ఆ ఒక్కటి రాయి. ఇంకేం రాయకు.

పిడుగు


రిపేరు గది
మే 2

పిడుగుకి,

తెలుసు. మార్చి 25 సాయంత్రం నుంచి తెలుసు. ఆ పేజీ చదివిన రోజు అది.

ఒక్కటే రాయమన్నావు. మిగతాది కూడా రాస్తాను.

నువ్వు కుర్చీ మీద నుంచి మన యంత్రాన్ని కింద పడేసిన రోజు గుర్తుందా? అక్కకి చెప్పొద్దని నా చొక్కా పట్టుకుని ఏడ్చావు. చెప్పలేదు. పనుల పుస్తకంలో మాత్రం రాసుకున్నాను. లోపల క్రిస్టల్ పగిలింది. అది చిన్న రేకు డబ్బా. యంత్రానికి గుండెకాయ లాంటిది. అది కొట్టుకునే వేగాన్ని బట్టే అంతా నడుస్తుంది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. పాడైన బొమ్మ రైలు రిమోట్‌లో ఉన్నది తీసి అతికించాను. అది కాస్త నెమ్మది. ఆ రోజు నుంచి మన యంత్రం నెమ్మదిగా నడిచింది, మీ అక్క ఆ తర్వాతే, ఆ తగ్గు గొంతు మీదే పాట కట్టింది. మనకి ఉన్నది ఆ ఒక్క యంత్రమే కాబట్టి అదే సరైన వేగమనుకున్నాం.

తొమ్మిదో గది తలుపుకి తాళం నేనే పెట్టాను. కార్ట్రిడ్జ్‌లో చేతి గడియారం ముక్క ఒకటి అమర్చాను. ఫైలు మీద ఆడితే ఆ ముక్క పని కొత్త యంత్రం సొంత గడియారం చేస్తుంది. గడియారం ఒక సెకను నడిచేలోపు యంత్రం ఎన్ని అడుగుల పని చేస్తుందో లెక్కపెట్టి, ఆ లెక్క సరిపోతేనే తెరుచుకోవాలి. యంత్రం వేయాల్సిన అడుగుల లెక్క పుస్తకాల్లో ఉంది. నేను చూడలేదు. మన యంత్రం ముందు కూర్చుని కొలిచి, అది చెప్పిన అంకెనే రాసుకున్నాను. చదువుకున్నవాడు ఎవడూ అలా చెయ్యడు. నేను చేశాను. అందుకని సరైన యంత్రం దేని మీదా ఆ తలుపు తెరుచుకోదు. యంత్రం ఎంత మంచిదైతే అంత గట్టిగా మూసుకుంటుంది.

ఫిబ్రవరిలో నీకు మంచి యంత్రం కొనమన్నప్పుడు నాకు ఇది గుర్తు లేదు. ఆ సలహా మనసారా ఇచ్చాను. మార్చి 27న ఇంకా మంచిది కొనమన్నప్పుడు గుర్తుంది. ఆ ఉత్తరంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు, తీసి చూసుకో. నీ ఎనిమిది గదులూ చక్కగా వస్తాయని రాశాను. వచ్చాయి.

ఏప్రిల్ 10న మూతలాయన దగ్గర ఉన్నటువంటి చవక యంత్రమే ఒకటి నా బల్ల మీదికి రిపేరుకి వచ్చింది. మన ఆట వేసి చూశాను. అది ఈడ్చుకుంటూ నడుస్తుంది కాబట్టి అడుగుల లెక్క అటూఇటూగా మన పాత యంత్రం లెక్కకి వచ్చింది. ఎర్ర పలక మీద నిలబడ్డాను. రెండో గంటకే తెరుచుకుంది. నువ్వు నత్త అన్నది మన వేగం. ఏడుపు రాగం అన్నది మీ అక్క కట్టిన పాట. నువ్వు ఆ రోజు ఇంకో పూట దాన్ని అడిగి ఉంచుకుని ఉంటే సరిపోయేది. నాలుగు రోజుల తర్వాత నీకు ఉత్తరం రాశాను, బ్యాటరీ నిండా ఎక్కించుకోమని.

నేను రెండుసార్లు అడిగింది వేదిక మీద నా పేరు వేయించమని కాదు. నీ చేత్తో ఒక్క కాగితం మీద రాస్తావేమో చూద్దామని. నువ్వు రాసి ఉంటే అదే రోజు ఆ చవక యంత్రం సంగతి చెప్పేవాణ్ణి. ఎవరికీ చూపించేవాణ్ణి కాదు.

ఈ కవరులో ఉన్న రేకు ముక్క ఆ రైలు రిమోట్ క్రిస్టలే. మన యంత్రం నుంచి నిన్న తీసేశాను. ఇప్పుడు సరైనవి దొరుకుతున్నాయి. ఒకటి తెచ్చి అతికించాను. మా ఇంట్లో కూడా ఆ తలుపు ఇక తెరుచుకోదు.

తీసే ముందు చివరిసారి తెరిచి మీ అక్కకి చూపించాను. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిన మూడు వారాల్లో ఆ తలుపు వెనక గది కట్టాను. నీకు పదిహేడు నిండే రోజుకి అందాలని. నువ్వు సెలవులకి వచ్చావు, ఫైలు కాపీ చేసుకున్నావు, బస్సు వేళయిందని వెళ్ళిపోయావు. లోపల తెల్ల గోడ ఉంటుంది. మీ అక్క పాట మొత్తం వస్తుంది. గోడ మీద ఒక్కో చుక్కా వెలిగి అక్షరాలవుతాయి. "ఈ ఆట రాసింది పిడుగు" అని ఉంటుంది. కింద ఇంకో పేరు లేదు. నా పేరు పెట్టాలని అప్పుడు నాకు తోచనే లేదు.

తలుపు తెరుచుకుని ఉంటే ఆ రెండు వందల మందీ గోడంత తెర మీద అది చదివేవాళ్ళు.

నమ్మకం లేకపోతే మూతలాయన్ని అడిగి ఆ యంత్రం తీసుకో. రెండో గంటకి తెరుచుకుంటుంది.

మీ అక్క ఆ అక్షరాలు ఇంకోసారి పైకి చదివి, "ఇది మాత్రం వాడికి చెప్పకండి" అంది.

ఫోన్‌లో అయితే చెప్పేవాణ్ణి కాదు.

బావ